క్రోమియపు విషము, అన్నభేది విరుగుడు

కళాశాలల రసాయన ప్రయోగశాలలలో బీరువానిండ వరుసదీర్చిన సీసాల నడుమ కంటికి మిక్కిలి ఇంపుగా గోచరించునది పొటాషియం డైక్రోమేటు. పండిన కమలాఫలపు వన్నెతో, పలకలుదేరి, వెలుతురు సోకినంతనే తళతళలాడు ఆ స్ఫటికములను చూచిన విద్యార్థికి, అవి మానవులకు క్యాన్సరు కలిగించునవని నిస్సంశయముగా నిర్ధారితమైన ద్రవ్యముల కోవలోనివన్న తలంపు కలుగుటకు అవకాశమే లేదు. ఈ స్ఫటికములలోని క్రోమియమను లోహమునకు వన్నె పుట్టుకతో వచ్చినది. 1797లో ఫ్రెంచి రసాయనవేత్త వోకెలిన్, సైబీరియా గనులనుండి తెచ్చిన ఒక ఎఱ్ఱని సీసపు ఖనిజమును పరిశోధించుచు క్రోమియమును కనుగొనెను. మరకతమునకు పచ్చదనమును, కెంపునకు అరుణిమను ప్రసాదించునది ఈ లోహలేశమే యని తరువాత తేలినది. రత్నములకు కాంతినిచ్చిన లోహమే మఱియొక యవస్థయందు మనుష్యుని నాసికను, చర్మమును, ఊపిరితిత్తులను తినివేయునన్నది తెలియుటకు మాత్రము మఱి ముప్పది యేండ్లు పట్టినది. తెలిసిన దానిని అంగీకరించుటకు అంతకు నాలుగింతల కాలము పట్టినది.

క్రోమియమునకు రెండు ప్రధానావస్థలు గలవు. త్రిసంయోజక క్రోమియము రత్నములయందును, తోళ్ళు పదునుచేయు క్రోమియం సల్ఫేటునందును ఉండునది. అది జీవకణముల పొరను దాటి లోనికి పోజాలదు గనుక దానివలన కలుగు హాని స్వల్పము. డైక్రోమేటునందును, క్రోమిక్ ఆమ్లమునందును, క్రోమేటు రంగులయందును ఉండునది షట్సంయోజక క్రోమియము. దీని అయాను ఆకృతి మన దేహమునకు నిత్యావసరమైన సల్ఫేటు అయాను ఆకృతిని పోలియుండుటచే, సల్ఫేటు ప్రవేశించు మార్గముననే ఇదియు కణములోనికి చొచ్చును. చొచ్చిన పిదప అది అచ్చటి ద్రవ్యములచే క్షయకరణము పొంది క్రమముగా త్రిసంయోజకముగా మారును; ఆ మార్పు జరుగు నడిమి దశలయందే డి.ఎన్.ఎ. పోగులు తెగుట, అతుకరాని చోట అతుకుకొనుట మున్నగు అనర్థములు వాటిల్లును. అనగా వెలుపల జరిగినచో విషమును హరించు మార్పు ఏది కలదో, అదియే లోపల జరిగినచో విషక్రియ యగుచున్నది. ఈ ఒక్క విషయమును పాఠకుడు మనసునం దుంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను; ఏలనన నేను చెప్పదలచిన దంతయు, ఆ మార్పు ఎచ్చట జరుగవలెను, దానిని జరిపించు బాధ్యత యెవ్వరిది యను ప్రశ్నపైననే ఆధారపడియున్నది.

దీని వలన కలుగు వ్యాధుల చరిత్ర పాతది. 1827లో స్కాట్లండునందు కమిన్ అను వైద్యుడు, డైక్రోమేటుతో పనిచేయు వారి చేతులపై ఏర్పడుచున్న విచిత్రమైన పుండ్లను వర్ణించి ప్రకటించెను. గుండ్రముగా, అంచులు గట్టిపడి, బెజ్జము వేసినట్లు లోతుగా పోవు ఆ పుండునందు నొప్పి అంతగా ఉండదు. ఉండకపోవుటయే ప్రమాదము, ఏలనన నొప్పిలేని పుండును శ్రామికుడు లెక్కచేయక మరునాడును పనిలోనికి పోవును. పొడిని పీల్చినవారికి రెండు నాసారంధ్రముల నడుమనున్న పలుచని మృదులాస్థి క్రమముగా చివికి, తుదకు ఆరపార రంధ్రము పడును. పీల్చిన ధూళి ఊపిరితిత్తులలో నిలిచి, పది, ఇరువది, ముప్పది సంవత్సరములకు రాచపుండుగా పరిణమింపవచ్చును. పొరపాటున మ్రింగినచో కొలది గ్రాములే మూత్రపిండములను, కాలేయమును నశింపజేసి ప్రాణములు తీయజాలును. వేడి క్రోమిక్ ఆమ్లము చర్మముపై చిందినచో, పైకి కనబడు కాలినగాయము కంటె, ఆ గాయము గుండ రక్తములోనికి చేరిన క్రోమియమే మిక్కిలి భయంకరమైనది.

ఈ చరిత్రలో గ్లాస్గో నగరపు పొలిమేరయందలి రూథర్‌గ్లెన్‌లో వెలసిన షాఫీల్డ్ కర్మాగారపు వృత్తాంతము నన్ను మిక్కిలి కలచివేసినది. వైట్ కుటుంబీకులు నడిపిన ఆ కర్మాగారము ఒకానొక కాలమున బ్రిటన్ దేశపు క్రోమియపు లవణములలో అధికభాగమును తయారుచేసెడిది. దాని యజమాని, ఓవర్‌టౌన్ ప్రభువని బిరుదు పొందిన జాన్ క్యాంప్‌బెల్ వైట్, దైవభక్తికిని, ధర్మకార్యములకు వేలకొలది పౌనులు దానమిచ్చుటకును పేరుగాంచినవాడు. అట్టివాని కర్మాగారమున శ్రామికులు వారమునకు ఏడు దినములును, దినమునకు పండ్రెండు గంటలును, భోజనవిరామము లేక పనిచేయుచుండిరి. ముక్కులలో రంధ్రములు పడనివారు అరుదు. చేతులపై పుండ్లు లేనివారు అంతకంటెను అరుదు. 1899లో వారు సమ్మెకట్టగా, కార్మికనాయకుడు కీర్ హార్డీ ఆ స్థితిగతులను స్వయముగా విచారించి కరపత్రములుగా అచ్చొత్తించి దేశమంతట వెదజల్లెను. ఆ కరపత్రములు పుట్టించిన అలజడి వలన విశ్రాంతివేళలు కొంత మెరుగుపడినవి గాని, ధూళి మాత్రము చాలకాలము ధూళిగనే యుండినది. అప్పటికి తొమ్మిదేండ్ల పూర్వమే, 1890లో, స్కాట్లండునందలి వైద్యుడు న్యూమన్, క్రోమియపు రంగులు చేయు శ్రామికుని ముక్కులో పుట్టిన క్యాన్సరును వర్ణించియుండెను. ఆ హెచ్చరిక కర్మాగారపు గోడలను దాటి లోనికి పోలేదు.

షాఫీల్డ్ కర్మాగారము 1967లో మూతపడినది. కాని అది తరతరములుగా చుట్టుపట్ల పల్లపు భూములలో నింపిన వ్యర్థము ఇంకను మూతపడలేదు. పోల్‌మడీ అను చిన్న వాగు 2019లోను, 2021లోను, కృత్రిమమైన ఆకుపచ్చ, పసుపు వన్నెలతో ప్రవహించి గ్లాస్గో పౌరులను భయపెట్టినది. యజమానులు గతించిరి, శ్రామికులు గతించిరి, కంపెనీ పేరే లేకుండ పోయినది. మట్టిలోని షట్సంయోజక క్రోమియము మాత్రము వర్షము పడినపుడెల్ల కరగి పైకి వచ్చుచునే యున్నది.

దూరదేశపు పూర్వకథయని దీనిని మన మెవ్వరమును త్రోసిపుచ్చజాలము. చిత్తూరునకు సమీపముననే, పొరుగు రాష్ట్రపు పాలారు తీరమునగల రాణిపేటయందు, తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ అను కర్మాగారము రెండు దశాబ్దములపాటు డైక్రోమేటును, తోళ్ళ పరిశ్రమకు కావలసిన క్రోమియపు లవణములను తయారుచేసి, 1990 దశకపు నడుమ మూతపడుచు, రెండు లక్షల టన్నులకు మించిన వ్యర్థమును ఆరుబయట గుట్టగా విడిచిపోయినది. వానలకు ఆ గుట్టనుండి ఊరిన నీరు పసుపుపచ్చగా భూగర్భమున కింకి బావులను చేరినది. 2006లో అమెరికాకు చెందిన బ్లాక్‌స్మిత్ సంస్థ, ప్రపంచమున మిక్కిలి కలుషితమైన పది ప్రదేశములలో రాణిపేట ఒకటియని ప్రకటించెను. కర్మాగారము పనిచేసిన కాలము కంటె, దాని వ్యర్థమును ఏమి చేయవలెనను చర్చ సాగిన కాలమే దీర్ఘమగుట, ఈ పదార్థమును ఆదిలోనే అణచకపోవుటవలన చెల్లింపవలసివచ్చు మూల్యమెంతటిదో చాటుచున్నది.

శాస్త్రము తన తీర్పును ఏనాడో వెలువరించినది. జర్మనీ దేశము 1936లోనే క్రోమేటు శ్రామికుల ఊపిరితిత్తుల క్యాన్సరును వృత్తివ్యాధిగా గుర్తించి పరిహార మిచ్చుటకు పూనుకొనినది. ప్రపంచ ఆరోగ్యసంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 1990లో షట్సంయోజక క్రోమియమును మానవులకు నిశ్చయముగా క్యాన్సరు కలిగించు మొదటి తరగతిలో చేర్చినది. అమెరికాయందు పనిచోటి గాలిలో అనుమతించు పరిమాణమును, సంవత్సరములకొలది న్యాయస్థానములలో వ్యాజ్యము సాగిన పిదప, 2006లో ఘనమీటరునకు యాబదిరెండు మైక్రోగ్రాములనుండి అయిదింటికి తగ్గించిరి. భోపాల్ దుర్ఘటన దరిమిలా 1987లో మన ఫ్యాక్టరీల చట్టమునకు చేర్చిన షెడ్యూలు నీటిలో కరగు క్రోమేట్లకు అనుమతించిన హద్దు యాబది మైక్రోగ్రాములు. అనగా అచ్చటివారు పరిత్యజించిన కొలత ఎంతయో, ఇంచుమించుగా అంతయే మనము విధించుకొన్న హద్దు. ఊపిరితిత్తులు దేశమును బట్టి మారవు. ఈ హద్దును పదవవంతునకు దించుమని కోరుటకు క్రొత్త పరిశోధన లేవియు అక్కరలేదు. ఉన్నవానిని చదివిన చాలును.

ఇక మన కళాశాలల మాట. గాజుపాత్రలు కడుగుటకు డైక్రోమేటును గాఢ గంధకామ్లములో కలిపి చేయు ముదురు గోధుమవన్నె ద్రావణమును ఎరుగని రసాయనశాస్త్ర విద్యార్థి మొన్న మొన్నటివరకు లేడు. దానిని చేయుట మాన్పింపవలెనని నా నిశ్చితాభిప్రాయము. మంచి డిటర్జెంటు నీరును, ఆలస్యము చేయక కడుగు అలవాటును నూటికి తొంబదితొమ్మిది పాత్రలకు చాలును. మిగిలిన ఒక్కదానికై తరగతినిండ పిల్లల చేతులను అపాయమున పడవేయుట తగదు. కొన్ని పరీక్షలలో మాత్రము డైక్రోమేటు నేటికిని అనివార్యము. నీటి కాలుష్యమును కొలుచు సి.ఓ.డి. పరీక్ష అట్టిది, నదులను కాపాడు నిమిత్తము చేయు ఆ పరీక్షయే ఈ విషమును వినియోగించునది గనుక, పరీక్షానంతరము మిగిలిన ద్రవమును కాలువలోనికి పారబోసినచో ఆ ప్రయోగశాల తన ప్రయోజనమును తానే చెరచుకొన్నదగును.

అనివార్యమైన చోట పాటింపవలసిన విధులు కఠినములు కావు, కాని శ్రద్ధతో పాటింపవలసినవి. పొడిని తూచునపుడు పంకాగాలి లేకుండ, వీలయినచో ఫ్యూమ్ హుడ్ లోపల తూచవలెను. బల్లపై రాలిన పొడిని ఎన్నడును పొడిగుడ్డతో దులపరాదు, చీపురుతో ఊడ్వరాదు, తడిగుడ్డతో ఒత్తి తీయవలెను, ఏలనన లేచిన ధూళియే ఊపిరితిత్తులకు చేరునది. పిపెట్‌ను నోటితో పీల్చు దురాచారము ఏ ద్రావణము విషయమునను పనికిరాదు గాని ఈ ద్రావణము విషయమున అది ఆత్మహత్యాసదృశము. నైట్రైలు తొడుగులు ధరించి, అవి చిరిగిన మరుక్షణమున మార్చవలెను. స్పిరిటు, కాగితము, నూనె మున్నగు మండు పదార్థముల చెంత సీసాను ఉంచరాదు. డైక్రోమేటు తాను మండదు గాని ఇతరములను మండించును. చర్మముపై చిందినచో సిగ్గుపడక, ఆచార్యుని కోపమునకు వెరువక, తక్షణమే ధారాళమైన నీటితో చాలసేపు కడిగి, గాయమయినచో వైద్యుని చెంతకు పోవలెను. మ్రింగిన సందేహమున్నచో ఇంటివైద్యములతో కాలయాపన చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

మిగిలిన ద్రావణమును ఏమిచేయవలెనన్నదే ముఖ్యము. ఆమ్లము కలిపిన నారింజవన్నె ద్రావణమున అన్నభేది ద్రావణమును పోయుచు కలియబెట్టినచో, క్రమముగా నారింజవన్నె తొలగి ఆకుపచ్చవన్నె వచ్చును. విషము విరిగినదనుటకు అదియే మొదటి గురుతు. పిదప సున్నము కలిపి ఆమ్లత్వమును పోగొట్టినచో త్రిసంయోజక క్రోమియము హైడ్రాక్సైడుగా అడుగునకు దిగును. దానిని వడగట్టి, ప్రమాదకర వ్యర్థములను స్వీకరించు సంస్థకు అప్పగింపవలెను. ఇందు పాఠకుడు గమనింపవలసినది అన్నభేది పేరు. ఇది ఏ విదేశపు అపురూపౌషధమును కాదు. ఇనుపధాతువు లోపించి ఆకులు పాలిపోయిన నిమ్మతోటకు, వరినారుకు మన రైతులు పిచికారీ చేయు ఫెర్రస్ సల్ఫేటే అన్నభేది. ప్రతి మండలకేంద్రమునందలి ఎరువుల కొట్టునను దొరకును. ఉక్కునకు ఆమ్లస్నానము చేయించు కర్మాగారములయందును, తెల్లరంగునకై టైటానియం డయాక్సైడు చేయు కర్మాగారములయందును ఇది ఉపఫలముగా గుట్టలు గుట్టలుగా లభించును. క్యాన్సరుకారకమగు విషమును, ప్రయోగశాలనుండి కాలు బయట పెట్టకముందే హరించు ద్రవ్యము ఇంత చౌకగా, ఇంత చేరువలో ఉండుట మానవజాతికి అరుదుగా లభించు అదృష్టము. సీసమునకుగాని, పాదరసమునకుగాని ఇట్టి సులభోపాయము లేదు.

క్రోమియపు పూత పూయు చిన్న కర్మశాలల గూర్చి ఒక్కమాట చెప్పి ముందుకు సాగెదను. బండ్ల సామానులకు, కుళాయిలకు మెరుగుపెట్టు పనివారు హైదరాబాదు బాలానగరమునను, విజయవాడ ఆటోనగరునను, అట్టి అనేక పేటలయందును కలరు. వారి తొట్టెలలో క్రోమిక్ ఆమ్లముగుండ విద్యుత్తు ప్రవహించునపుడు బుడగలు పైకి వచ్చి పగిలి, సన్నని ఆమ్లతుంపర గాలిలోనికి లేచును. తొట్టె అంచుననే ఆ గాలిని లాగివేయు గొట్టము నమర్చుట, నురుగు నిలిపి తుంపరను అణచు ద్రవ్యమును కలుపుట, ఏడాదికొకమారు పనివారి ముక్కులను వైద్యుడు పరీక్షించుట, ఇవి మూడును అసాధ్యములు కావు. క్రోమియపు పుండు మన చట్టమున ప్రభుత్వమునకు విధిగా తెలుపవలసిన వృత్తివ్యాధిగా ఏనాడో చేరినది. ముక్కు చూచిన వైద్యుడు లేనిచోట వ్యాధి తెలుపువా డెవ్వడుండును?

ఇంతవరకు చెప్పినవారు ఆ రసాయనముతో పనిచేయుచున్నామని ఎరిగినవారు. ఎరుగకయే దానిని ప్రతిదినము చేతులతో ఎత్తుచున్నవారి సంఖ్య ఇంతకంటె అనేకరెట్లు పెద్దది. వారు మన తాపీమేస్త్రులు, మాలు కలుపు కూలీలు, గమేళాలు మోయు స్త్రీలు. సున్నపురాతియందును, బంకమట్టియందును, కొలిమి లోపలి ఇటుకలయందును లేశమాత్రముగానుండు నిరపాయకరమైన క్రోమియము, సిమెంటు కొలిమిలోని పదునాలుగువందల డిగ్రీలకు మించిన వేడిమికిని, గాలికిని, క్షారమునకును లోనై షట్సంయోజకముగా మారును. అట్లు మారిన దానిలో నీటికి కరగునది కిలో సిమెంటునకు కొన్ని మిల్లీగ్రాములు మొదలుకొని ఇరువది వరకును ఉండవచ్చును. ఆ పరిమాణము క్యాన్సరునకు గాక, చర్మవ్యాధికి చాలును. 1950లో స్విట్జర్లండు వైద్యులు యేగర్, పెల్లోనీ అనువారు, సిమెంటు పనివారి తామరకు మూలము సిమెంటునందలి క్రోమేటేయని నిరూపించిరి.

సిమెంటువలన చర్మమునకు కలుగు బాధలు రెండు విధములు. వానిని కలగాపులగము చేయుటచేతనే మన దేశమున ఈ విషయము మరుగునపడినదని నేను భావించుచున్నాను. తడిసిమెంటు గాఢమైన క్షారము గనుక చేతులను ఎండబెట్టి, పగులజేసి, ఒక్కొక్కప్పుడు కాల్చును. ఇది ఎవ్వరికైనను కలుగును. పని మాని, కొబ్బరినూనె రాచుకొని, కొన్నాళ్ళు ఊరకున్నచో తగ్గును. రెండవది క్రోమియపు అలర్జీ. పగిలిన చర్మముగుండ లోనికి చేరిన క్రోమేటును దేహము శత్రువుగా గుర్తించి జ్ఞప్తియందుంచుకొనును. ఆ జ్ఞాపకము యావజ్జీవము చెరగదు. అటుపిమ్మట ఎంత స్వల్పముగా తగిలినను చేతులు, మణికట్లు, ముంజేతులు దురదపెట్టి, నీరుకారి, దళసరియై, వ్రేళ్ళు మడచుటకు వీలుకాకుండ పోవును. క్రోమియముతో పదునుచేసిన తోలుచెప్పులు తొడిగినను పాదములు పుండ్లగును. పలుగు, తాపీ తప్ప అన్యమెరుగని మేస్త్రి ఆ స్థితిలో ఏమి చేయగలడు? చేతులకు గుడ్డలు చుట్టుకొని పనిచేయును, చేయలేనినాడు మానివేయును, మాని సొంతయూరు చేరినవాని లెక్క ఏ కాంట్రాక్టరు దస్త్రమునను ఉండదు. పాలమూరునుండియు, శ్రీకాకుళమునుండియు దేశమెల్ల ఇండ్లు కట్టుటకు వలసపోవు వారి కుటుంబములకు ఆ రెండు చేతులకంటె వేరు ఆస్తి లేదు.

ఈ వ్యాధికి నివారణోపాయము కనుగొనబడక కాదు ఇది నిలిచియుండుట. 1980 దశకపు తొలినాళ్ళలోనే డెన్మార్కు దేశము సిమెంటున అన్నభేది కలుపుమని శాసించినది. సిమెంటు పొడిగానున్నంతవరకు అన్నభేది నిద్రాణముగా నుండి, మేస్త్రి నీరు పోసినంతనే కరగి, కరగిన క్రోమేటును తత్‌క్షణమే త్రిసంయోజకముగా మార్చివేయును. పిదప చేయి పెట్టినను క్రోమేటు అక్కడ మిగిలియుండదు. కొన్ని సంవత్సరములలోనే ఆ దేశపు కాంక్రీటు పనివారిలో క్రోమియపు తామర స్పష్టముగా తగ్గినది. తక్కిన ఉత్తరైరోపా దేశములు దానిని అనుసరించినవి. తుదకు ఐరోపా సమాజము 2003లో చేసిన శాసనము 2005 జనవరినుండి అమలునకు వచ్చినది: నీరు కలిపిన సిమెంటునందు కరగు షట్సంయోజక క్రోమియము కిలోకు రెండు మిల్లీగ్రాములకు మించియుండరాదు, మనుష్యుల చేయి తగులని పూర్తి యంత్రవిధానములకు మాత్రమే మినహాయింపు. అన్నభేది గాలిలోని తేమకు కాలక్రమమున శక్తి కోల్పోవును గనుక, సంచి కట్టిన తేదీని, ఎంతకాలము దాని గుణము నిలుచునో ఆ గడువును సంచిమీద ముద్రింపవలెనని కూడ ఆ శాసనము విధించినది.

మన దేశమున అట్టి నిర్బంధము లేదు. ప్రపంచమున చైనా తరువాత అత్యధికముగా సిమెంటు చేయు దేశము మనది. ఆ సిమెంటులో తెలుగునేలది పెద్దపాలు. తాడిపత్రి, ఎఱ్ఱగుంట్ల, జగ్గయ్యపేట, మాచర్ల, హుజూర్‌నగర్, తాండూరు, మంచిర్యాల, ఈ పేర్లన్నియు సిమెంటు సంచులపై దేశమంతట తిరుగుచున్నవే. ఆ సంచిమీద గ్రేడు కలదు, ధర కలదు, తయారైన వారమును సంవత్సరమును కలవు. లోపలిదానిని చేతితో ముట్టువానికి అది చేయగల హానిని తెలుగులో తెలుపు ఒక్క వాక్యము లేదు.

వ్యయము అధికమగునని పరిశ్రమాధిపతులు చెప్పవచ్చును. లెక్క చూతము. సాధారణముగా టన్ను సిమెంటునకు కలుపవలసిన అన్నభేది మూడునుండి అయిదు కిలోలు. అనగా యాబది కిలోల సంచికి పావుకిలోకు మించదు. ఎరువుల కొట్టులో చిల్లరగా కొన్నను అది సంచి వెలలో చిన్న భాగము. ఇతర పరిశ్రమల ఉపఫలముగా టోకున కొన్నచో చెప్పనక్కరయే లేదు. సిమెంటు బలము తగ్గునేమోయను శంకకు ఇరువది యేండ్లుగా అట్టి సిమెంటుతోనే వంతెనలు, మేడలు కట్టుచున్న ఐరోపాయే సమాధానము. ఉష్ణదేశమున, వర్షర్తువున, గోదాములలో అన్నభేది త్వరగా చెడునన్న అభ్యంతరము మాత్రము ఆలోచింపదగినది. దానికి గడువు తగ్గించుటయో, కొంత ఖరీదైనను ఎక్కువకాలము నిలుచు తగరపు సల్ఫేటును వాడుటయో ఉపాయములు గలవు. మన వాతావరణమున ఏది ఎంతకాలము నిలుచునో తేల్చుట మన సిమెంటు పరిశోధనశాలలకు పెద్దపని కాదు.

ఇంత ఎందుకు, కూలీలకు చేతితొడుగు లిచ్చిన చాలదా యనువారు కలరు. తొడుగు లీయవలసినదే. కాని మండువేసవిలో మిట్టమధ్యాహ్నము తొడుగులోపల చెమట నిండును. తాపీపై పట్టు జారును. గంట గడువకముందే మేస్త్రి దానిని విప్పి ప్రక్కన పెట్టును. అందుకు వానిని నిందించుట న్యాయము కాదు. చేతి తొడుగు లోపలికి జారిన తడిసిమెంటు చర్మమునకు అంటుకొని యుండుటచే బయటి సిమెంటుకంటె హెచ్చుగా బాధించును. చౌకలో దొరకు తోలు తొడుగులయందు పదునుచేసిన క్రోమియము ఒక్కొక్కప్పుడు షట్సంయోజకముగా మారి యుండును. అందుచేతనే ఐరోపావారు 2015నుండి చర్మమునకు తగులు తోలువస్తువులలో దానికి కిలోకు మూడు మిల్లీగ్రాముల హద్దు విధించిరి. కొలిమివద్ద ఒక్కచోట, ఒక్క యంత్రముతో, ఒక్క ఇంజనీరు పర్యవేక్షణమున తొలగింపదగిన విషమును తొలగింపక, దానిని లక్షలకొలది సంచులలో దేశమంతట పంచిపెట్టి, కోట్లమంది కూలీలలో ఒక్కొక్కరిని జాగ్రత్తగా నుండుమని కోరుటలో, జాగ్రత్త యను భారము ఎవ్వరు మోయజాలరో వారి తలపైననే పెట్టబడుచున్నది. షాఫీల్డ్ యజమానులును తమ పనివారిని ముక్కునకు గుడ్డ కట్టుకొనుడని చెప్పియే యుందురు.

కనుక కోరదగినవి స్పష్టముగా నున్నవి. భారత ప్రమాణముల సంస్థ సిమెంటు ప్రమాణములయందు కరగు షట్సంయోజక క్రోమియమునకు కిలోకు రెండు మిల్లీగ్రాముల హద్దును చేర్చి, పరిశ్రమకు రెండు మూడేండ్ల గడువిచ్చి, పిదప నిర్బంధముగా అమలుపరుపవలెను. కేంద్రము జాగుచేసినను మన రెండు రాష్ట్రప్రభుత్వములు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. ప్రభుత్వగృహములకు, రహదారులకు, ప్రాజెక్టులకు తాము కొను సిమెంటునకు ఈ షరతును టెండరులలో విధించుటకు ఎవ్వరి అనుమతియు అవసరము లేదు. అంత పెద్ద కొనుగోలుదారు అడిగినచో ఏ కర్మాగారము కాదనును?

1996 నాటి చట్టము ప్రకారము ఏర్పడి, కట్టడపు విలువలో ఒక శాతము చొప్పున వసూలుచేసిన సెస్సుతో నడచుచున్న భవననిర్మాణ కార్మికుల సంక్షేమమండలులు రెండు రాష్ట్రములందును కలవు. జిల్లా ఆసుపత్రుల చర్మవైద్య విభాగములలో ప్యాచ్ పరీక్షకు వలయు సామగ్రిని ఆ నిధులతో సమకూర్చవచ్చును. వాసెలిన్‌లో అర శాతము పొటాషియం డైక్రోమేటు కలిపిన లేపనమును వీపుపై పట్టీతో అంటించి, రెండు దినముల తరువాత విప్పి చూచి, మఱి రెండు మూడు దినములకు మరల చూచినచో, మేస్త్రి చేతులది క్షారపు మంటయో క్రోమియపు అలర్జీయో తేలిపోవును. అలర్జీయని తేలినవానికి అదే మండలి, సిమెంటు ముట్టనక్కరలేని వడ్రంగమో, విద్యుత్తు పనియో, నీటిగొట్టముల పనియో నేర్పించి, నేర్చునన్నాళ్ళు కూలి చెల్లింపవలెను. ఉద్యోగుల పరిహారమునకు అర్హమైన వృత్తివ్యాధుల పట్టికలో క్రోమియపు వ్యాధులు ఇదివరకే చేరియున్నవి; పరీక్షాపత్రము చేతికి వచ్చిననాడు మేస్త్రి ఆ పరిహారమును యాచనగా గాక హక్కుగా అడుగగలడు, కాంట్రాక్టరు కాదనలేడు.